రైతు కుటుంబ బడ్జెట్‌లో కందిపప్పు పద్దు: అమ్మి కొనడమా, నిలువ ఉంచుకోవడమా?

2022–23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రాంతాల తలసరి నెలసరి వ్యయం 3,773 రూపాయలు. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రాంతాలలో ఇది 4,870 రూపాయలు, తెలంగాణలో 4,802 రూపాయలు. దేశం మొత్తం మీద గ్రామీణ వ్యయంలో ఆహారం వాటా సుమారు 46 శాతం. అందువలన ఖర్చు తగ్గించుకోదలచిన కుటుంబం మొదట వంటింటి పద్దునే పరిశీలిస్తుంది. రైతు కుటుంబం విషయంలో ఒక విశేషం ఉన్నది. అది అమ్మే సరుకు, కొనే సరుకు చాలాసార్లు ఒక్కటే. సంక్రాంతి తరువాత కందులు బస్తాలలో మార్కెట్టుకు వెళతాయి. కొద్ది వారాలకే అదే ఇంటికి కిరాణా కొట్టు నుండి కందిపప్పు కిలోల లెక్కన వస్తుంది.

ఇంటికి కావలసిన గింజలను ఇంట్లోనే ఉంచుకోవాలని విస్తరణ సిబ్బంది చెబుతూనే ఉన్నారు. సలహా మంచిదే. అయితే ఎన్ని రూపాయలు మిగులుతాయో చెప్పకుండా ఇచ్చే సలహాను రైతు వినవలసిన పని లేదు. ఆ లెక్క వేసి చూస్తే ఆదా అనుకున్నదానికన్నా తక్కువగా ఉంటుంది. అది కూడా రెండు విషయాలపై ఆధారపడి ఉంటుంది: అప్పు మీద వడ్డీ, గింజలో పురుగు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం 2,000 కిలో క్యాలరీల ఆహారంలో రోజుకు 85 గ్రాముల పప్పుధాన్యాలు ఉండాలి. నలుగురు ఉన్న కుటుంబానికి ఏడాదికి ఇది 124 కిలోలు. అందులో సగం కందిపప్పు అనుకుంటే 62 కిలోలు. పెద్ద పప్పు మిల్లులలో 70 నుండి 75 శాతం పప్పు దిగుతుంది. ఇంటి తిరగలిలో గాని ఊళ్లోని చిన్న మిల్లులో గాని 65 శాతం మించి ఆశించరాదు. అంటే ఒక క్వింటాలు కందులు ఉంచుకుంటే ఏడాదికి సరిపోతుంది.

2025–26 సంవత్సరానికి కందుల కనీస మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. రైతు వదులుకున్న రాబడి అదే. చేతికి వచ్చే 65 కిలోల పప్పును కొట్లో కిలో 150 రూపాయల చొప్పున కొనవలసి వస్తే 9,750 రూపాయలు అవుతుంది. తేడా 1,750. మరపట్టే ఖర్చు 500 అనుకుంటే మిగిలేది 1,250. నూక, పొట్టు పశువుల దాణాగా పనికివస్తాయి గనుక పాడి ఉన్న ఇంట్లో మరికొంత కలుస్తుంది. కళ్లం దగ్గర దళారికి 6,800కే అమ్ముకోవలసిన స్థితిలో ఉన్న రైతుకైతే ఇదే తేడా 2,450 అవుతుంది. ధరలు మారితే అంకెలు మారతాయి గాని లెక్క వేసే పద్ధతి మారదు.

ఇప్పుడు వడ్డీ. నిలువ నెలనెలా కరుగుతుంది గనుక 8,000 రూపాయలు సగటున ఆరు నెలలు ఆగినట్లు లెక్కించాలి. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి అప్పు తెచ్చిన రైతుకు దీని భారం 960 రూపాయలు. మొదటి లెక్కలో అతనికి మిగిలేది 290 మాత్రమే. కిసాన్ క్రెడిట్ కార్డు మీద 3 లక్షల వరకు పంట రుణం సకాలంలో తీర్చిన రైతుకు 4 శాతం వడ్డీ పడుతుంది. అతనికి భారం 160, మిగులు 1,090. ఇక్కడ మరొక మెలిక ఉన్నది. కందులు ఆపుకున్నందువల్ల బ్యాంకు గడువు తప్పితే సకాల చెల్లింపుకు ఇచ్చే 3 శాతం రాయితీ పోతుంది. ఏడాది పాటు వాడిన లక్ష రూపాయల రుణం మీద అది 3,000 రూపాయలు. పప్పు మీద మిగిలేదానికన్నా ఇది ఎక్కువ. కనుక గడువు దగ్గరపడిన రైతుకు ముందు అప్పు తీర్చమని చెప్పడమే సరైన సలహా.

ఇక పురుగు. బ్రూకిడ్ జాతి పెంకు పురుగు గోదాములో పుట్టేది కాదు. చేలో ఎండుతున్న కాయల మీదనే గుడ్లు పెడుతుంది. గింజతో పాటు ఇంటికి వస్తుంది. పిల్లపురుగు గింజ లోపలే పెరుగుతుంది గనుక గుండ్రని రంధ్రం కనబడే వేళకు నష్టం జరిగిపోయి ఉంటుంది. వేసవి వేడిలో నెల రోజులకు ఒక తరం పూర్తవుతుంది. పదో వంతు పప్పు పోయినా 975 రూపాయలు పోయినట్లే. వడ్డీ అప్పు ఉన్న రైతుకు అప్పుడు ఆదా పోయి నష్టం మిగులుతుంది.

దీనికి విరుగుడు కష్టమైనది కాదు. తేమ 9–10 శాతానికి దిగేవరకు ఎండబెట్టాలి; పంటి కింద గింజ నొక్కుకోకుండా పుటుక్కున పగలాలి. చల్లారిన తరువాత గాలి చొరని మూడు పొరల సంచులలో మూతి బిగించి ఉంచితే లోపలి ఆక్సిజన్ తగ్గి పురుగు చనిపోతుంది. కొద్ది మొత్తానికి కిలోకు 5 మిల్లీలీటర్ల వంటనూనె పట్టించినా చాలు. అన్నిటికన్నా తెలివైనది పాత పద్ధతే: వానలకు ముందే కందులను పప్పు చేసి పెట్టుకోవడం. ఈ పురుగు గుడ్లు పెట్టడానికి నున్నని పూర్తి గింజను కోరుకుంటుంది, విరిగిన బద్ద మీద సరిగా పెరగలేదు. కందులను నానబెట్టి ఎర్రమట్టి పట్టించి, ఎండబెట్టి విసిరే అలవాటు రుచి కోసమేనని చాలామంది అనుకుంటారు. నిలువకు కూడా అది మేలు చేసింది. అలా చేసిన పప్పు ఉడకడానికి కొంత ఎక్కువ సేపు పడుతుంది గనుక ముందుగా నానబెడితే గ్యాసు ఆదా అవుతుంది.

మిగిలిన సరుకుల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. తెలంగాణలో 2025 ఉగాది నుండి చౌక ధరల దుకాణాలలో మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు గనుక కార్డు ఉన్న ఇంట్లో వడ్లు ఆపుకోవడం వల్ల వచ్చే లాభం తగ్గింది. వేరుశనగలో 100 కిలోల కాయల నుండి సుమారు 70 కిలోల పప్పు, దాని నుండి గానుగలో 28 కిలోల వరకు నూనె వస్తుంది; తెలకపిండి అదనం. బూజు పట్టిన, ముడుచుకున్న గింజలను ఏరివేయకుండా గానుగకు పంపరాదు. శుద్ధి చేయని నూనెలోకి అఫ్లాటాక్సిన్ కొంత దిగుతుంది. 5 సెంట్ల పెరటి తోట కూరగాయల ఖర్చును బాగా తగ్గించగలదు, నీరు ఉండి కోతుల బెడద లేకపోతే.

ఈ లెక్కలన్నిటిలో రాయనిది ఒకటుంది. ఎండబోయడం, చెరగడం, విసరడం, పురుగు పట్టకుండా చూడడం ఇంటి ఆడవారి పని. 1,090 రూపాయల ఆదాకు మూడు నాలుగు రోజుల శ్రమ పడితే, ఆ రోజులలో ఆమె కూలికి వెళ్లగలిగి ఉంటే, ఆదా ఉన్నదని చెప్పడం కష్టం. ఐదారు ఇళ్లవారు కలిసి ఒకే రోజున చిన్న మిల్లులో మరపట్టించుకుంటే ఈ శ్రమ చాలా తగ్గుతుంది. విస్తరణ అధికారి దృష్టి పెట్టవలసినది ఇక్కడ.

గ్రామీణ పని అనుభవ కార్యక్రమంలో కుటుంబ బడ్జెట్లు సేకరించే విద్యార్థులు సొంత గింజను ఖర్చు లేనిదిగా వదిలివేయరాదు. జాతీయ నమూనా సర్వేలో సొంత పంట వినియోగానికి పొలం దగ్గరి ధర కడతారు. ఆ ధరతో పాటు అదే వారం కిరాణా ధరను, కుటుంబం అప్పుకు కడుతున్న వడ్డీని పక్క గడులలో రాసుకుంటే, ఆ ఇంటికి కందులు అమ్మడం మేలో ఉంచుకోవడం మేలో ఆ కాగితం మీదనే తేలుతుంది.