ఎర్రదీపం ఏం చెబుతోంది?

అంబాసిడర్ కారును మీలో చాలామంది చూసే ఉంటారు. బ్రిటన్‌వారి మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో మనదేశంలో తయారైన ఈ కారు ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. పాత అంబాసిడర్లలో బ్యాటరీకి ఛార్జి ఎక్కించే పని డైనమోది. ఇంజను తిరిగితే ఫ్యాన్ బెల్టు డైనమోను తిప్పుతుంది. డైనమో నెమ్మదించినప్పుడు బ్యాటరీలోని విద్యుత్తు వెనక్కి పారకుండా మధ్యలో కటౌట్ అనే స్విచ్చి ఉంటుంది. డైనమో వోల్టేజి బ్యాటరీని మించగానే అది కలుసుకుంటుంది.

డ్రైవరు ముందు చిన్న ఎర్రదీపం ఒకటి ఉంటుంది. దాని ఒక కొస బ్యాటరీకి, రెండోది డైనమోకి కలిపి ఉంటాయి. దీపం వెలగాలంటే రెండు కొసల మధ్య వోల్టేజిలో తేడా ఉండాలి కదా! తాళం తిప్పగానే బ్యాటరీవైపు 12 వోల్టులు, డైనమోవైపు సున్నా. దీపం వెలుగుతుంది. ఇంజను వేగం అందుకోగానే రెండువైపులా సమానం. దీపం ఆరిపోతుంది.

ఈ ఒక్క సూత్రంతో లోపాలెన్నో పట్టుకోవచ్చు.

తాళం తిప్పినా దీపం వెలగలేదా? బల్బు మాడి ఉండవచ్చు, లేదా డైనమోలో బ్రష్‌లు అరిగి ఉండవచ్చు.

దారిలో హఠాత్తుగా వెలిగిందా? వెంటనే కారు పక్కకు ఆపాలి. బెల్టు తెగిందేమో! ఇంజనును చల్లబరిచే నీటిపంపును తిప్పేదీ ఆ బెల్టే. చూసుకోకుండా నడిపితే నీరు మరిగి, ఇంజనే పాడవుతుంది.

వేగం పెంచినకొద్దీ దీపం మసకబారి, మళ్ళీ ప్రకాశిస్తోందా? డైనమో బాగానే ఉంది. దాని వోల్టేజి బ్యాటరీని దాటింది గాని, కటౌట్ కలుసుకోలేదు. విద్యుత్తు ఇప్పుడు దీపం గుండా ఎదురుదిశలో పారుతోంది. ఎటు పారినా దీపానికి ఒకటే!

దీపం ఆరినా బ్యాటరీ నీరసిస్తోందా? అప్పుడు వోల్టుమీటరు కావాలి. ఇంజను ఆపి ఉంచితే నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను వేగంగా తిరిగేటప్పుడు 14 దగ్గర ఉండాలి. పెరగకపోతే బెల్టు వదులై జారుతోందేమో, రెగ్యులేటరు చెడిందేమో చూడాలి. 15 దాటితే ఛార్జి మితిమీరి బ్యాటరీలో నీరు తరిగిపోతుంది.

ఈ పరీక్షలు పెద్దలు దగ్గర ఉన్నప్పుడే చేయండి. ఛార్జి అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వెలువడుతుంది. చిన్న నిప్పురవ్వ చాలు, అది పేలడానికి. తిరిగే బెల్టు దగ్గరికి చేయి పోనివ్వకండి.

నేటి కార్లలో డైనమో స్థానంలో ఆల్టర్నేటర్ వచ్చింది. అయినా బ్యాటరీ గుర్తుతో ఎర్రదీపం అలాగే ఉంది. ఈసారి కారెక్కినప్పుడు అది ఎప్పుడు వెలుగుతుందో, ఎప్పుడు ఆరుతుందో గమనించండి.