గది చేర్చిన ఇంటికి వైశాల్యపు లెక్క

విజయనగరం జిల్లాలోని గరివిడి ఫెర్రో మాంగనీసు కర్మాగారమువలన పేరుపడిన ఊరు. ఇటువంటి ఊళ్లలో కుటుంబము పెరిగినప్పుడు కొత్త ఇల్లు కట్టుటకంటె ఉన్న ఇంటికే ఒక గది చేర్చుకొనుట ఎక్కువ. పెంకుటింటి పెరటి గోడకు ఆనించి డాబా గది ఒకటి వేయదలచినారనుకొనవచ్చును. లోపల పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు. తాపీమేస్త్రీ దానిని నూట ఇరవై అడుగుల గది అంటాడు. అనుమతి కొరకు గీసిన ప్లానులో మాత్రము 145 అడుగులు అని ఉంటుంది. రుసుము కట్టవలసినది ఈ రెండవ అంకెమీదనే. తక్కిన 25 అడుగులు ఎక్కడివి?

అవి గోడలవి. చాప పరచుటకు వీలైన చోటు వేరు, కట్టడము నేలమీద ఆక్రమించిన చోటు వేరు. మొదటిదానిని కార్పెట్ ఏరియా అని, రెండవదానిని ప్లింత్ ఏరియా అని అంటారు. ఎంత కట్టినారన్నదే రుసుముకు ఆధారము గనుక గోడల మందము కూడ లెక్కలో చేరుతుంది. గోడ 9 అంగుళములు, అనగా ముప్పాతిక అడుగు. పొడవున రెండు కొత్త గోడలు కలిసి 13.5 అడుగులు, వెడల్పున ఒకటే కొత్త గోడ గనుక 10.75 అడుగులు. ఈ రెంటిని గుణించగా 145.1 చదరపు అడుగులు వస్తుంది.

వెడల్పులో రెండవ గోడను ఎందుకు కలుపలేదు? అది పాత ఇంటి గోడ. పాత ఇంటి వైశాల్యములో ఇదివరకే చేరినది. తెలియక దానినికూడ కలిపితే 155 అడుగులు దాటుతుంది, పది అడుగులకు రుసుము రెండుసార్లు కట్టినట్లగును. చేర్పు గదుల ప్లానులలో మొదట చూసుకొనవలసినది ఇదే. ఇరుగుపొరుగువారికి ఉమ్మడియైన గోడలో మాత్రము సగమే ఒక్కొక్కరి లెక్కకు వస్తుంది.

గది చిన్నదైనకొద్దీ గోడల వాటా పెరుగుతుంది. పై గదిలో అది ఆరవ వంతు. లోపల 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల స్నానాలగదిని అదే విధముగా చేర్చితే మొత్తము 31 అడుగులలో గోడలకే 11 అడుగులు పోతాయి.

ఏది చేరునో, ఏది చేరదో భారతీయ ప్రమాణము 3861 వివరిస్తుంది. అటక చేరదు. కప్పులేని అరుగు చేరదు. గోడకంటె వెలికి వచ్చిన పునాది అంచు చేరదు. పైన కప్పు గల బాల్కనీ పూర్తిగా, లేనిది సగము చేరుతుంది. మేడమీద గది వేసినా, కొత్తగా నేల ఆక్రమించకపోయినా, ఆ అంతస్తు వైశాల్యము వేరుగా లెక్కకు వస్తుంది. గ్రామపంచాయతీలకు 2002లోను, పట్టణములకు 2017లోను వెలువడిన రాష్ట్ర నియమములు వేరువేరు. రుసుము రేటు స్థానిక కార్యాలయములో తెలుసుకొనవలెను.

మేస్త్రీ టేపు అడుగులలో, ప్లాను మీటర్లలో ఉండుట మరొక చిక్కు. మీటరుకు 3.28 అడుగులు గదా అని 145ను ఆ అంకెతో భాగించరాదు. చదరపు మీటరుకు 10.764 చదరపు అడుగులు. కనుక ఈ గది సుమారు 13.48 చదరపు మీటర్లు.

ఇంతవరకు మూలలు సరిగా ఉన్న గది సంగతి. పాత వీధులలో పెరళ్లు తరచు వంకరగా ఉంటాయి. అప్పుడు ఎదురెదురు భుజముల సగటులను గుణించుట వాడుక. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడే దీనిని స్థూలమైన ఫలమన్నాడు. మూలలన్నీ లంబముగా లేనప్పుడు ఈ లెక్క ఎప్పుడును ఎక్కువే చూపుతుంది, తక్కువ చూపదు. నష్టము ఎల్లప్పుడు కట్టుకొనువారిదే. వరుసగా 9, 12, 13, 14 అడుగుల భుజములు గల చోటు తీసుకొన్నచో సగటులు 11, 13; గుణిస్తే 143. కాని 9, 12 భుజములు కలిసిన మూలకు ఎదురుగా కర్ణము పట్టి చూస్తే 15 అడుగులు వచ్చినదనుకొన్నచో, చోటు రెండు త్రిభుజములగును. ఒకటి 54, రెండవది 84. మొత్తము 138 చదరపు అడుగులు. టేపును అడ్డముగా ఒక్కసారి పట్టినందువలన అయిదు అడుగుల రుసుము తగ్గినది.