కట్టెల పనిలో ట్రాక్టరుతో జాగ్రత్త!

చిల్కానగర్: వానాకాలం వరికోతలు ముగిసి చలి ముదరగానే పల్లెల్లో ట్రాక్టర్లకు కట్టెల పని తగులుతుంది. ఉప్పల్ పక్కనున్న చిల్కానగర్‌లో పొలాలు కాలనీలయ్యాయి. 2007లో ఈ ప్రాంతం గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. ఇళ్ళలోకి గ్యాసు వచ్చినా పెళ్ళి వంటలకు, దహన సంస్కారాలకు నగరానికి కట్టె కావలసిందే.

అయితే ఈ పనిలో ప్రాణాపాయం ఉంది. మొద్దుకు కట్టిన గొలుసును ట్రాక్టరు వెనుక ఎత్తైన చోట తగిలిస్తే, మొద్దు రాయికో వేరుకో అడ్డుపడగానే ముందు చక్రాలు లేస్తాయి. బండి వెనక్కి తిరగబడుతుంది. డ్రైవరుకు దూకే వ్యవధి కూడా ఉండదు. అందుకే గొలుసును వెనుక ఇరుసు కన్నా కిందనుండే డ్రాబారుకే కట్టాలి. చిన్న గేరులో క్లచ్చిని మెల్లగా వదలాలి. గొలుసు తెగితే కొరడాలా కొడుతుంది కనుక కూలీలు దూరంగా నిలబడాలి. మడ్గార్డుపై ఎవరినీ కూర్చోబెట్టరాదు.

మరో సంగతి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టేముందు అధికారుల అనుమతి తీసుకోవాలి. కొన్ని జాతులకే మినహాయింపు ఉంది. కనుక గొడ్డలి ఎత్తకముందే అడిగి తెలుసుకోవడం మేలు.

ఒక ట్రిప్పు కట్టెల కోసం ఇల్లు దిక్కులేనిది కాకూడదు.