ఉక్కులో ఒక్క పగులు, రాతిలో లెక్కలేనన్ని ఖాళీలు

మన రైళ్లు నడిచే పట్టాల్లో చాలా భాగం ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారైనవే. 260 మీటర్ల పొడవున అతికించి పంపే పట్టాలు కూడా అక్కడి నుంచి వస్తాయి. పట్టాను కోయకుండానే దాని లోపల పగులు ఉందో లేదో తెలుసుకోవాలంటే అతిధ్వనులే సాధనం. ఇవి ఉక్కులో సెకనుకు సుమారు 5.9 కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తాయి. దారిలో పగులు తగిలితే ప్రతిధ్వని వెనక్కి వస్తుంది. 2.5 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యం వద్ద తరంగదైర్ఘ్యం రెండున్నర మిల్లీమీటర్ల లోపే ఉంటుంది కాబట్టి సన్నని లోపం కూడా దొరికిపోతుంది.

కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాసు కోసం తవ్విన బావుల్లోనూ పరీక్ష ధ్వనితోనే చేస్తారు. కానీ ఇక్కడ ప్రశ్న తిరగబడుతుంది. ఉక్కులో ఖాళీ ఉంటే నష్టం. ఇసుకరాయిలో ఖాళీ లేకపోతే నష్టం. గ్యాసు గానీ, నూనె గానీ నేల కింద చెరువులా నిలిచి ఉండవు. ఇసుక రేణువుల మధ్య మిగిలిన సందుల్లో ఇరుక్కుని ఉంటాయి. రాతి ఘనపరిమాణంలో ఆ సందుల వాటా ఎంత శాతమో దాన్నే సచ్ఛిద్రత అంటారు. నిల్వల అంచనా మొదలయ్యేది ఈ అంకె దగ్గరే.

బావిలోకి దించే సోనిక్ పరికరం సాధారణంగా 10 నుంచి 20 కిలోహెర్ట్జ్ ధ్వనిని వాడుతుంది. రాతిలో దాని తరంగదైర్ఘ్యం జానెడు, మూరెడు ఉంటుంది. మిల్లీమీటరులో పదో వంతు ఉండే సందు దానికి కనిపించనే కనిపించదు. అందుకే ఇక్కడ ప్రతిధ్వనిని వెతకరు, ఆలస్యాన్ని కొలుస్తారు. పరికరంలో ఒక ప్రసారిణి, దానికి వేర్వేరు దూరాల్లో కనీసం రెండు గ్రాహకాలు ఉంటాయి. రెండు గ్రాహకాలకూ ధ్వని చేరిన సమయాల మధ్య తేడా తీసుకుంటే బావిలోని బురద గుండా పట్టిన సమయం కొట్టివేయబడి, రాతిలో ఒక అడుగు దాటడానికి పట్టిన సమయం మిగులుతుంది.

ఖాళీ లేని ఇసుకరాయిలో ఈ సమయం సుమారు 55.5 మైక్రోసెకన్లు, సందుల్లోని నీటిలో 189. బావిలో 80 వచ్చిందనుకోండి. 80 నుంచి 55.5 తీసేస్తే 24.5. దాన్ని రెండు అంచుల తేడా 133.5తో భాగిస్తే సచ్ఛిద్రత 18 శాతం దాటుతుంది. వైలీ, గ్రెగరీ, గార్డ్‌నర్‌లు 1956లో ప్రచురించిన సూత్రం ఇదే. ఎనిమిదో తరగతి పిల్లలు చేసే లెక్క.

పరికరం సరిగా పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి వాడే కొలబద్ద మళ్లీ ఉక్కే. బావి పైభాగంలో దించిన ఉక్కు గొట్టం, అంటే కేసింగ్ దగ్గర అడుగుకు 57 మైక్రోసెకన్లు రావాలి. రాకపోతే కింద వచ్చే కొలతలను నమ్మలేం. (పట్టాలో 5.9 కిలోమీటర్లుండే వేగం ఇక్కడ 5.3కు దిగడం కొలతలో తప్పు కాదు. పలుచని గొట్టం గోడ వెంబడి సాగే తరంగం కాస్త నెమ్మదిస్తుంది.)

చిక్కంతా ఆ 55.5 దగ్గరే ఉంది. అది క్వార్ట్జ్ రేణువుల సంఖ్య. అదే రాయిని సున్నపురాయి అనుకుంటే 47.5 వాడాలి. అప్పుడు అదే 80కి జవాబు 23 శాతం అవుతుంది. రాయి మారలేదు, కొలత మారలేదు. మన ఊహ మారినందుకే నిల్వల అంచనా నాలుగో వంతు పెరిగిపోయింది. గోదావరి డెల్టా కింది ఇసుకరాళ్లలో బంకమన్ను కలిసి ఉండటం మామూలే. బంకమన్ను ధ్వనిని నెమ్మదింపజేస్తుంది, సూత్రమేమో ఆ ఆలస్యాన్ని ఖాళీగా లెక్కేస్తుంది. సందుల్లో నీటికి బదులు గ్యాసు ఉన్నా, ఇసుక సరిగా గట్టిపడకపోయినా అదే జరుగుతుంది. అంటే గ్యాసు దొరికిన చోటే ఈ లెక్క ఎక్కువ ఆశ పెడుతుందన్నమాట! సాంద్రతను కొలిచే లాగ్, న్యూట్రాన్ లాగ్ పక్కన పెట్టి చూడకుండా, వీలైతే బావి నుంచి తీసిన రాతి ముక్కను ప్రయోగశాలలో కొలవకుండా సోనిక్ అంకె ఒక్కదాన్నే నమ్మడం తొందరపాటే.

ఇసుకరాయి విషయంలో తప్పుదారి పట్టించే ఈ ఆలస్యమే షేల్ పొరల్లో హెచ్చరికగా పనికొస్తుంది. లోతుకు వెళ్లేకొద్దీ పైభారానికి షేల్ నలిగి, నీరు బయటికి పోయి, ధ్వని వేగం పెరుగుతూ పోవాలి. ఆ నీటికి దారి దొరకకపోతే సందులు మూసుకుపోవు, పైభారంలో కొంత ఆ నీరే మోయాల్సి వస్తుంది. లాగ్ మీద తగ్గుతూ వస్తున్న సమయం ఒక లోతు దగ్గర ఉన్నట్టుండి పెరగడం మొదలైతే, కింద మామూలు కంటే ఎక్కువ పీడనం ఉండొచ్చని అర్థం. ఈ పద్ధతిని హాట్‌మన్, జాన్సన్‌లు 1965లో వివరించారు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో రాఘవాపురం షేల్ వంటి పొరల్లో అధిక పీడనం తెలిసిన సంగతే. అదుపు తప్పిన పీడనం ఎలా ఉంటుందో కోనసీమకు ఎవరూ చెప్పనక్కర్లేదు: 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో చెలరేగిన మంటలు 65 రోజులు ఆరలేదు.

కేబుల్‌తో దించే లాగ్ తవ్వకం ఆపాకే వస్తుంది. ఆలోగా ప్రమాదం దాటిపోయి ఉండాలి, లేదా జరిగిపోయి ఉండాలి. అందుకే ఇప్పుడు తవ్వే గొట్టాల్లోనే, బిట్‌కు కొన్ని మీటర్ల పైన సోనిక్ పరికరాన్ని అమరుస్తున్నారు. అది బురదలో పీడన స్పందనల రూపంలో కొలతలను పైకి పంపుతుంది. గీత దారి తప్పుతోందని రిగ్ మీది ఇంజినీరుకు అనిపిస్తే, బిట్ ముందుకు దిగకముందే బురద బరువు పెంచగలడు.