స్నోబెర్రీకి దీటైన మన వాక

ఉత్తర అమెరికాలో పుట్టిన స్నోబెర్రీ అనే పొద, ఆకులన్నీ రాలిపోయిన శీతకాలంలో కూడా కొమ్మల చివర తెల్లని కాయల గుత్తులను నిలుపుకొంటుంది కనుకనూ, నాసి నేలలోనూ పాక్షికమైన నీడలోనూ ఓర్చుకుని పెరుగుతుంది కనుకనూ చలిదేశాల తోటల్లో స్థిరపడిపోయింది. 1804-06 నాటి లూయిస్, క్లార్క్ యాత్ర తరువాత దీనికి తోటల్లో ఆదరణ పెరిగింది. అమెరికా మాజీ అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ మాంటిసెల్లోలోని తన తోటలో దీనిని పెంచాడు. అయితే దీర్ఘమైన చలికాలానికి అలవాటుపడిన ఈ మొక్కకు కృష్ణా డెల్టా ఉక్కపోత సరిపడదు. తినదగని ఆ కాయల కోసం తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలవారు ఆశపడవలసిన అవసరమూ లేదు. అంతటి అందాన్నీ, అంతకు మించిన మొండితనాన్నీ కలిగి, పైగా కూరకు పనికివచ్చే వాక ఇక్కడి నేలకు ఏనాటినుంచో తెలిసిన పొద.

కారిస్సా కారండస్ అనే శాస్త్రనామం గల వాక గన్నేరు కుటుంబానికి చెందినది. ఏడాది పొడవునా పచ్చగా ఉండే ఈ పొదకు దళసరి ఆకులు, కణుపుల వద్ద జంటగా పొడుచుకువచ్చే గట్టి ముళ్లు ఉంటాయి. కొమ్మ విరిస్తే తెల్లని పాలు కారతాయి. వేసవి మొదట్లో నక్షత్రాల వంటి తెల్లని పూలు పూసి, ఆ తరువాత గుత్తులుగా కాయలు కాస్తాయి. పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన పంత్ మనోహర్ రకంలో తెల్లని కాయ మీద ముదురు గులాబీ ఛాయ పరచుకుని ఉంటుంది కనుక, స్నోబెర్రీ సొగసు కోరేవారు ఈ రకాన్ని వెదకడం మేలు.

వాక ఎండకు బెదరదు, ఉప్పుగాలికి వాడదు. దానిని చంపేది వేరు చుట్టూ కదలకుండా నిలిచిన నీరు. అందువల్ల మొక్క నాటే పద్ధతిని నిర్ణయించవలసింది ఊరి పేరు కాదు, ఆ పెరటి నేల తీరు.

బాపట్ల తీరంలోని ఇసుక నేలలో మురుగు బాధ లేదు గాని, పోసిన నీరూ వేసిన ఎరువూ వేరుకు అందకుండానే కిందికి జారిపోతాయి. కాబట్టి గుంతలో చివికిన పశువుల ఎరువుతోపాటు చెరువు మట్టిని కలిపి, పాదులో వరిగడ్డినో వేరుశనగ తొక్కునో పరచి, మొదటి రెండు వేసవులూ క్రమం తప్పకుండా తడి ఇవ్వాలి.

తెనాలి నల్లరేగడిలో సమస్య దీనికి పూర్తిగా విరుద్ధం. కాలువలకు నీరు వదిలి చుట్టూ వరి నాట్లు పడిన తరువాత భూమిలో నీటిమట్టం పైకి వస్తుంది. జిగట మట్టిలో గాలి ఆడక వేళ్లు కుళ్లి, అడుగు ఆకులు పసుపుబారి రాలుతాయి. ఇదే లక్షణాన్ని చాలామంది నీటి ఎద్దడిగా భావించి మరిన్ని బిందెలు కుమ్మరించడం వల్ల, బతకవలసిన మొక్క చచ్చిపోతుంది. మెట్ట భూమిలో ఎకరాలకొద్దీ కంచెగా నిలిచే పొద పెరట్లో పోవడానికి ఇంతకంటె పెద్ద కారణం కనిపించదు. అడుగు, అడుగున్నర ఎత్తున మట్టిని మెరకగా పోసి, దానిమీద నాటి, పక్కన మురుగు పోయే బోదె తీస్తే ఈ ప్రమాదం తప్పుతుంది. నీరు పెట్టే ముందు మొదలుకు కాస్త దూరంలో జానెడు లోతు తవ్వి మట్టిని పిడికిట పట్టి చూడాలి. అది ముద్దగా అంటుకుంటే ఆనాటికి నీరు అక్కరలేదు.

రేపల్లె వైపు చౌడును కూడా లెక్కలోకి తీసుకోవాలి. నేల పైపొరలో తెల్లని లవణాలు తేలే పాలచౌడును వాక కొంతవరకు తట్టుకుంటుంది. మంచినీటితో ఆ ఉప్పును కిందికి కడిగి మురుగు ద్వారా బయటికి పంపితే చాలు. సోడియం పేరుకుని మట్టి బిగుసుకుపోయిన కారుచౌడులో మాత్రం జిప్సం వేయక తప్పదు. ఈ రెండింటి తేడా కంటికి తేలికగా తెలియదు కనుక ముందుగా మట్టి పరీక్ష చేయించాలి. ఆమ్ల క్షార స్థితిని తెలిపే ఉదజని సూచిక 8.5 దాటితే కారుచౌడుగా అనుమానించాలి.

వాక విత్తనానికి మొలకెత్తే శక్తి త్వరగా తగ్గిపోతుంది. అందుచేత పండిన కాయనుంచి తీసిన వెంటనే నారు పోసి, ఎదిగిన మొక్కలను మరుసటి తొలకరిలో నాటుకోవాలి. కంచె కోసమైతే రెండు మూడు అడుగులకొకటి, కాయల కోసమైతే ఎనిమిది నుంచి పది అడుగుల ఎడంతో నాటడం మంచిది. తొలి సంవత్సరాల ఎదుగుదల మందంగా ఉన్నంత మాత్రాన ఎరువులు గుప్పించకూడదు. వేరు కుదిరిన తరువాత పొద దానంతట అదే గుబురుకడుతుంది. కాపు ముగియగానే ఎండుకొమ్మలను తీసివేసి, అల్లుకుపోయిన రెమ్మలను తగ్గిస్తే కొత్త చిగుళ్ల మీద పూత వస్తుంది. పూతకు ముందు కత్తిరిస్తే ఆ ఏటి కాపు పోతుంది.

పప్పుకూ పచ్చడికీ పులిహోరకూ కాయను పచ్చిగా, గట్టిగా ఉండగానే కోయాలి. నల్లగా మాగిన పండు తియ్యబడుతుంది గాని ఎక్కువ రోజులు నిలవదు. కోసిన తొడిమ నుంచి కారే పాలు చేతికీ బట్టకీ జిగురుగా అంటుతాయి కనుక, కాయలను నీళ్లలో వేసి బాగా కడిగి, రెండుగా చీల్చి గింజ తీసిన తరువాతే వంటకు వాడాలి.