డప్పు, గిటారు, ధిక్కారం: అపోహలు – వాస్తవాలు

ఎలక్ట్రిక్ గిటార్ల హోరులోకి సొంత నేల వాయిద్యాన్నీ, సొంత భాషనూ తెచ్చే సంగీతాన్ని ఫోక్ మెటల్ అంటున్నారు. అందులో చాలా బృందాలు పాలకులను నిలదీసే పాటలే కడుతున్నాయి. హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టల్ గదిలో కూర్చుని ఏ దేశపు పాటైనా వినగలిగే కాలమిది. ఆ గదికి కాస్త దూరంలోనే, ఇందిరా పార్కు ధర్నాచౌక్‌లో, మన డప్పు దశాబ్దాలుగా అదే పని చేస్తోంది. అయినా ఈ రెండింటి మీదా అపోహలు బోలెడు.

అపోహ: మెటల్ విదేశీ గోల. మట్టికీ, మనుషుల కష్టానికీ దానితో పనిలేదు.

వాస్తవం: న్యూజిలాండ్ బృందం ఏలియన్ వెపన్రీ మావోరీ భాషలో పాడుతుంది. 1863 చట్టంతో తమ పూర్వీకుల భూములు లాక్కున్న వైనం మీద పాట కట్టింది. బ్రెజిల్ బృందం సెపుల్తురా 1996 నాటి ‘రూట్స్’ ఆల్బమ్ కోసం షవాంతె ఆదివాసుల దగ్గరికే వెళ్ళి వాళ్ళతో కలిసి పాడింది. తైవాన్‌లో క్థానిక్ బృందం గాయకుడు ఫ్రెడ్డీ లిమ్ 2016లో చట్టసభకే ఎన్నికయ్యాడు. మన దేశంలో ఢిల్లీ బృందం బ్లడీవుడ్ ఢోలును గిటార్ల పక్కన నిలబెట్టి, 2022లో ‘రక్షక్’ ఆల్బమ్ తెచ్చింది. విద్వేష రాజకీయాలనూ, స్త్రీలపై అత్యాచారాలనూ అందులో సూటిగా ఎండగట్టింది.

అపోహ: డప్పు చావు వాయిద్యం.

వాస్తవం: చావుకు మోగుతుంది, నిజమే. పెళ్ళికీ మోగుతుంది, బోనాలకూ జాతరకూ మోగుతుంది, ఊళ్ళో చాటింపుకూ మోగుతుంది. దేని దెబ్బ దానిదే. డప్పును అశుభమనడం వెనక ఉన్నది సంగీత జ్ఞానం కాదు, కులం. తరతరాలుగా మాదిగల చేత వెట్టికి కొట్టించిన వాయిద్యమది. దాన్నే వాళ్ళు ఆత్మగౌరవ జెండాగా ఎత్తుకున్నారు. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మంద కృష్ణ మాదిగ తదితరులు ఎస్సీ వర్గీకరణ కోసం మొదలుపెట్టిన ఉద్యమానికి దండోరా అన్న పేరే స్థిరపడింది. ఎస్సీ వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు చెప్పింది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో అది అమల్లోకి వచ్చింది. ముప్పై ఏళ్ళు మోగిన డప్పు ఫలితమిది.

అపోహ: డప్పు కొట్టడానికి విద్య ఏం కావాలి? బలముంటే చాలు.

వాస్తవం: కొట్టేముందు డప్పును మంటకు కాస్తారు. తేమ పట్టిన తోలు మెత్తబడి మోత మొద్దుబారుతుంది. వేడి తగిలితే బిగుసుకుని, గొంతు విప్పుతుంది. ఎక్కువ కాస్తే తోలు పగులుతుంది. ఎంత కాయాలో వేలితో తట్టి, చెవితో తేల్చుకోవాలి. కుడిచేతిలో పొట్టి, మందపాటి సిర్ర. ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. రెండూ వేర్వేరు చోట్ల, వేర్వేరు బరువుతో పడాలి. ఆపైన అడుగు తప్పకుండా ఆడుతూ కొట్టాలి. ఏ డ్రమ్మర్‌కైనా ఇది ఏళ్ళ సాధన.

అపోహ: కరెంటు వాయిద్యం కలిస్తే జానపదం చెడిపోతుంది.

వాస్తవం: చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో హార్మోనియం లేని పద్యనాటకాన్ని ఊహించగలమా? ఆ పెట్టె కూడా బయటినుంచి వచ్చిందే, 1842లో పారిస్‌లో దానికి పేటెంట్ తీసుకున్నారు. అది మన సంగీతానికి పనికిరాదని 1940లో రేడియో నిషేధించింది, 1971 దాకా సడలించలేదు. ఈలోగా జనం దాన్ని తమదిగా చేసేసుకున్నారు. కొత్తదనం వాయిద్యంతోనే రాలేదు. షేక్ నాజర్ బుర్రకథలోకి కొత్త రాజకీయాన్ని తెచ్చాడు. ఆ కథ నిలిచింది, భయపడి దాన్ని నిషేధించిన ప్రభుత్వాలే పోయాయి. జానపదం చెడేది కొత్త వాయిద్యంతో కాదు, చెప్పాల్సిన మాట మింగేసినప్పుడు.

అపోహ: ఉద్యమ పాట పల్లెటూరిది. నగరంలో అది అరువు సరుకు.

వాస్తవం: 1972లో పుట్టిన జననాట్యమండలి మూలాలు జంటనగరాల్లోనే, బి. నర్సింగరావు ఆర్ట్ లవర్స్ బృందంలోనే ఉన్నాయి. తూప్రాన్‌లో పుట్టిన గద్దర్ పాటకు అంకితమయ్యే ముందు కెనరా బ్యాంకు ఉద్యోగి. 1997 ఏప్రిల్ 6న అల్వాల్‌లో ఆయన ఇంటి దగ్గరే కాల్పులు జరిగాయి. 2023 ఆగస్టులో కన్నుమూసేదాకా ఒంట్లో తూటాతోనే పాడాడు. 2017లో ధర్నాచౌక్‌ను మూసేస్తే జనం పోరాడారు. మరుసటి ఏడు హైకోర్టు జోక్యంతో అది మళ్ళీ తెరుచుకుంది. 2024 అక్టోబరులో నియామక నిబంధనలపై వచ్చిన జీవో 29ను రద్దు చేయాలంటూ గ్రూప్-1 అభ్యర్థులు రోడ్డెక్కింది అశోక్‌నగర్‌లోనే. పాటకు కావలసిన కడుపుమంట నగరంలో తక్కువేం లేదు.

అపోహ: జానపదం ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా వాడుకోవచ్చు.

వాస్తవం: 1979 నాటి ‘మా భూమి’ సినిమాలో గద్దర్ పాడిన ‘బండెనక బండి కట్టి’ ఆయన పాటేనని చాలామంది నమ్మకం. రాసింది తెలంగాణ సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. బాణీ ఊరిదే కావచ్చు, మాట మాత్రం ఒక మనిషిది. కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత హక్కు జీవితకాలంతో పాటు మరో 60 ఏళ్ళు ఉంటుంది. తన పేరు చెప్పమని అడిగే హక్కు దానికి అదనం. వాయించిన కళాకారుడికీ 50 ఏళ్ళ హక్కు ఉంది.

డప్పును వేదిక ఎక్కించాలనుకునే కొత్త బృందాలకు చెప్పేది ఒక్కటే. డప్పు మోతను మాత్రమే తీసుకుని, దాన్ని ఇన్నేళ్ళు మోసిన మనుషులను కింద వదిలేస్తే అది ధిక్కారం కాదు, అలంకారం. డప్పు కళాకారుడిని గిటారిస్టుతో సమానంగా ముందు వరసలో నిలబెట్టండి. పోస్టరు మీద అతని పేరు వేయండి. వచ్చిన డబ్బులో సమాన వాటా ఇవ్వండి. పాటలో కోరుతున్న న్యాయం ముందు మీ బృందంలో అమలు కావాలి.