నొప్పి లేని కాటు

2001 ఆగస్టులో, ఊడ్పులు ముగిసే రోజులలో, ఇంకా తెల్లవారకముందే మా ఇంటి తలుపు తట్టారు. అప్పుడు మేము కృష్ణా డెల్టాలో ఒక పేటలో పరిచర్య చేస్తున్నాము. వచ్చినవాడు మందిరం వెనుక వీధిలో ఉండే కూలి. "అయ్యగారూ, పిల్లోడికి కడుపునొప్పి, మెలికలు తిరిగిపోతన్నాడు. అమ్మగారి దగ్గర మందేమన్నా ఉందేమోనని వచ్చా" అన్నాడు.

పిల్లవాడికి పదకొండేళ్లు. ఇంట్లో ఉక్కగా ఉందని అన్నదమ్ములిద్దరూ అరుగు మీద చాప వేసుకుని పడుకున్నారట. ముందు రోజు పక్కింట్లో విందు జరిగింది గనుక, అక్కడ తిన్నది పడలేదనుకున్నాము. వాము నీళ్లు పట్టించింది మేమే. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. కాసేపటికి కళ్లు మూతలు పడుతుంటే, "పోనీలే, నిద్ర పడుతోంది, నొప్పి తగ్గినట్టుంది" అని తల్లికి ధైర్యం చెప్పి ఇంటికి వచ్చేశాము కూడా.

ఏడు గంటలకు మళ్లీ కబురు. పిల్లవాడి మాట ముద్దగా వస్తోంది. ఉమ్మి మింగలేకపోతున్నాడు, నోటి పక్కనుంచి కారిపోతోంది. కూర్చోబెడితే తల నిలవడం లేదు. ఊళ్లోని ఆర్.ఎం.పి. డాక్టరు ఒక సూది వేసి, వెంటనే పట్నం తీసుకెళ్లమన్నాడు. ఆటో దొరికేసరికి ఎనిమిదిన్నర అయింది. దారిలోనే ఊపిరి ఆగిపోయింది. సాయంత్రం ఎవరో అరుగు మీది చాప ఎత్తితే, దాని కింద చుట్టుకుని ఉన్న కట్లపాము కనబడింది.

ఆ తల్లి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్లుగా మాకు బరువైనది అదే. ఆ తరువాత డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్న సంగతులనే ఇక్కడ రాస్తున్నాము. ఇవి కొత్తవేమీ కావు. ఆ రాత్రి మాకు తెలిసి ఉండవలసినవి.

మిగతా పాముల వంటిది కాదు

మన ప్రాంతంలో ప్రాణాలు తీసే పాములు ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక నేలల్లో ఉండే చిన్నపింజర. ఇందులో మూడు తమ సంగతి తామే చెప్పుకుంటాయి. నాగుపాము పడగ విప్పుతుంది, బుస కొడుతుంది. రక్తపింజర కరిస్తే భరించలేని మంట, వాపు, పళ్ల చిగుళ్ల నుంచి, మూత్రంలో రక్తం. అటువంటివాడిని చూసి ఎవరూ వాము నీళ్లు ఇవ్వరు.

కట్లపాము అలా కాదు. నల్లగా నిగనిగలాడుతూ, ఒంటిమీద సన్నని తెల్లని కట్లతో ఉంటుంది. తల చిన్నది, మెడకూ తలకూ పెద్ద తేడా కనపడదు. పగలు ముడుచుకుని మొద్దులా పడి ఉంటుంది. రాత్రి అయితే ఎలుకల కోసం, బల్లుల కోసం, కప్పల కోసం, ఇతర పాముల కోసం కూడా తిరుగుతుంది. ఆ తిరుగుడులోనే ఇంట్లోకి వస్తుంది. నేల మీద పడుకున్న మనిషి నిద్రలో చెయ్యో కాలో దాని మీద వేస్తే కరుస్తుంది. దాని కోరలు చాలా చిన్నవి. చీమ కుట్టినట్టు అనిపించవచ్చు, అది కూడా అనిపించకపోవచ్చు. వాపు ఉండదు. గాటు వెతికినా చాలాసార్లు దొరకదు. మా పిల్లవాడి ఒంటిమీద తరువాత ఎంత వెతికినా ఏమీ కనపడలేదు.

తెల్లని కట్లున్న పాములన్నీ కట్లపాములు కావు. విషం లేని పాము ఒకటి అచ్చం దీనిలాగే ఉంటుంది. కట్లు తల దగ్గర స్పష్టంగా ఉండి తోక వైపు చెరిగిపోతే అది. తల దగ్గర సరిగా లేకుండా తోక వైపు స్పష్టంగా ఉంటే కట్లపాము. ఇది తెలిసి ఉండటం మంచిదే గాని, చీకటిలో లాంతరు పట్టుకుని కట్లు లెక్కపెట్టే పని ఎవరూ పెట్టుకోవద్దు.

కనురెప్పలు చెప్పే మాట

కండరం కదలాలంటే నరం చివరనుంచి దానికి ఆజ్ఞ అందాలి. కట్లపాము విషం ఆ నరాల చివరలనే పాడుచేస్తుంది. ఆజ్ఞ అందని కండరం ఊరక పడి ఉంటుంది. ముందు కనురెప్పల కండరాలు, తరువాత గొంతు, మెడ, కాళ్లుచేతులు, చివరికి ఊపిరి ఆడించే కండరాలు. అందుకే కరిచిన గంటకో, నాలుగైదు గంటలకో, ఒక్కొక్కసారి ఇంకా ఆలస్యంగానో, ఈ వరుసలో లక్షణాలు కనబడతాయి. వాటికి ముందు చాలామందికి కడుపులో మెలిపెట్టే నొప్పి, వాంతులు వస్తాయి. కొందరికి గొంతునొప్పి. ఇక్కడే అందరం పొరపాటు పడేది. కడుపునొప్పి అంటే తిన్నది గుర్తుకు వస్తుంది గాని, పడుకున్న చోటు గుర్తుకు రాదు.

గనుక రాత్రి నేలమీద పడుకున్న మనిషి, పెద్దవాడైనా పిల్లవాడైనా, తెల్లవారుజామున కడుపునొప్పితోనో వాంతితోనో లేస్తే, ముందు కళ్లు చూడండి. "పైకి చూడు" అనండి. రెప్పలు సగంలో ఆగిపోతున్నాయా? ఎదుటి మనిషిని చూడటానికి తల వెనక్కి వంచుతున్నాడా, నుదురు ముడిచి కనుబొమలతో రెప్పలను లేపబోతున్నాడా? ఒకటి రెండుగా కనబడుతోందంటున్నాడా? నాలుక బయట పెట్టగలడా? ఇందులో ఒక్కటి ఉన్నా, పాము కనపడకపోయినా, గాటు లేకపోయినా, అది కట్లపాము కాటేననుకుని బయలుదేరాలి. నిద్ర వచ్చినవాడి రెప్పలు పిలిస్తే తెరుచుకుంటాయి. ఇతనికి మెలకువ ఉంటుంది, రెప్పలే లేవవు. ఈ తేడా ఆ రాత్రి మాకు తెలియలేదు.

అలాగని లక్షణాల కోసం కాచుకుని కూర్చోవద్దు. పక్కలో పామును చూసి ఉంటే, కాటు అనుమానం ఉంటే, మనిషి బాగానే ఉన్నా ఆసుపత్రికి తీసుకెళ్లవలసిందే. కనీసం ఒక రోజు అక్కడ ఉంచి చూస్తారు.

బయలుదేరే ముందు

చేయవలసినది కొంచెమే. మనిషిని నడిపించకుండా, పరుగెత్తించకుండా పడుకోబెట్టాలి. కరిచిన చోటు తెలిస్తే ఆ చెయ్యినో కాలునో, ఎముక విరిగినప్పుడు కట్టినట్టు, కర్ర పెట్టి కదలకుండా గుడ్డతో వదులుగా కట్టాలి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, పట్టీలు తీసేయాలి. వాంతి వస్తుంటే ఎడమ పక్కకు ఒత్తిగిలేలా పడుకోబెట్టాలి. నోటికి ఏమీ ఇవ్వకూడదు, నీళ్లు కూడా. మింగలేనివాడి గొంతులో పోసినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం, ఇవన్నీ మన పల్లెలలో ఇంకా జరుగుతున్నాయి. వీటి వలన మేలు లేదు, కీడు ఉంది. బిగించి కట్టిన కాలు చచ్చుబడి తీసేయవలసి వచ్చినవారు ఉన్నారు. ఎవరైనా అప్పటికే కట్టేసి ఉంటే మాత్రం తొందరపడి ఇంట్లో విప్పవద్దు. డాక్టరు ఎదుట విప్పించాలి. పామును చంపి తీసుకెళ్లనక్కరలేదు. తెగిపడిన తల కూడా కరవగలదు. దూరంనుంచి ఫోనులో ఫోటో తీయగలిగితే చాలు, లేకపోయినా డాక్టరు లక్షణాలను బట్టి వైద్యం చేస్తారు.

మంత్రం వేసేవాని దగ్గర బతికినవారు లేరా అని అడుగుతారు. ఉన్నారు. కరిచే పాములలో చాలావాటికి విషం లేదు. విషపు పాము కూడా ఒక్కొక్కసారి విషం వదలకుండానే కరుస్తుంది. వారు మంత్రం లేకపోయినా బతికేవారే.

ఇక మన సంగతి మనం చెప్పుకోవాలి. మంత్రగాని దగ్గరకు పోవడం మానేసిన కొన్ని విశ్వాస కుటుంబాలలో, ఆసుపత్రికి పోవడం అవిశ్వాసమన్నట్టు పిల్లవాడి చుట్టూ మోకాళ్లూని గంటలు గడపడం మేము చూశాము. మెలితే ద్వీపంలో పౌలుకు ఏ హానీ కలగలేదు కదా అంటారు. నిజమే, అపొస్తలుల కార్యములు 28వ అధ్యాయంలో ఉంది. కాని ఆ సంగతి రాసిన లూకా వైద్యుడు. ప్రార్థన ఆటోలో కూడా చేయవచ్చు. మేమైతే ఇప్పుడు అలాగే చేస్తున్నాము. ఇంకొక మాట: పౌలుకు ఆ పాము తగిలింది పుల్లలు ఏరి నిప్పు మీద వేస్తున్నప్పుడు. మన ఇళ్లలో ఇంటిగోడకు ఆనించి పేర్చుకునే కట్టెలమోపు, పిడకల గుట్ట, ఇటుకల కుప్ప, వడ్ల బస్తాలు కూడా పాములు దాగే చోట్లే. ఎలుకలు ఉన్నచోటికి అవి వస్తాయి. కట్టెలను ఇంటికి దూరంగా, నేలకు కొంచెం ఎత్తున పేర్చుకోవాలి.

సూది మందు సంగతి

పాము విషానికి విరుగుడు ఒక్కటే. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తం నుంచి తీసే మందు అది. మన దేశంలో దొరికే మందు పైన చెప్పిన నాలుగు పాములకూ పనిచేస్తుంది. దానికి కావలసిన విషంలో చాలా భాగం చెన్నై దగ్గర ఇరుళ తెగవారు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచి వస్తోంది. ఒకప్పుడు తోళ్ల కోసం పాములను పట్టిన ఆ చేతులే ఇప్పుడు విషం తీసి వాటిని మళ్లీ అడవిలో వదిలేస్తున్నాయి.

మొదట ఎనిమిది నుంచి పది సీసాల మందు ఎక్కిస్తారు. పిల్లవాడికైనా అంతే, ఎందుకంటే పాము వదిలే విషం పిల్లవాడని తగ్గదు. మందు పడక కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, చలి, ఆయాసం రావచ్చు గనుక, ఇంట్లోనో ఆర్.ఎం.పి. దగ్గరో చేయించుకునేది కాదు. పైగా విషం ఒకసారి నరాల చివరలను పాడుచేశాక, మందు వాటిని తిరిగి బాగుచేయలేదు. అవి తమంతట తామే కోలుకోవాలి, దానికి రోజులు పడుతుంది. ఆ రోజులన్నీ యంత్రంతో ఊపిరి ఆడించాలి. అందుకే త్వరగా చేరడం. దారిలో ఊపిరి ఆగినా గుండె ఇంకా కాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. నోటిలో నోరు పెట్టి ఊదుతూ ఆసుపత్రి దాకా తీసుకెళ్లగలిగితే బతికే అవకాశం ఉంది. ఆ ఆటోలో మేము ముగ్గురం పెద్దవాళ్లం ఉన్నాము. ముగ్గురం ఏడుస్తూ కూర్చున్నాము.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షలమంది చనిపోయారని 2020లో వెలువడిన ఒక పరిశోధన లెక్కకట్టింది. వారిలో నాలుగోవంతు పదిహేనేళ్ల లోపు పిల్లలు. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపల జరిగినవి. ఎక్కువ మరణాలు జరిగిన రాష్ట్రాలలో మనదీ ఉంది. అప్పటికీ ఇప్పటికీ మన పల్లెలకు మేలు జరగలేదని కాదు: 2005 ఆగస్టు 15న 108 బండ్లు మొదలయ్యాయి. కాని బండి ఎటు వెళ్లాలో తెలిసి ఉండాలి. వానలు మొదలవకముందే ఒకరోజు పనిగట్టుకుని వెళ్లి, మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పాముకాటు మందు ఉందా, ఊపిరి ఆడించే యంత్రం ఉన్న ఆసుపత్రి ఏది, రాత్రిపూట డాక్టరు ఉంటారా అని అడిగి, ఆ ఫోను నంబరు గోడమీద రాసి పెట్టుకోండి.

దోమతెర ఖర్చు

అన్నిటికంటె చవకైన కాపు దోమతెర. నేపాలులో జరిగిన ఒక పరిశోధనలో దోమతెరలో పడుకున్నవారికి పాముకాట్లు చాలా తక్కువని తేలింది. 2007లో దాన్ని ప్రచురించారు. తెర అంచులు చాప కిందికి, పరుపు కిందికి గట్టిగా దోపాలి. వేలాడదీసి వదిలేస్తే పనిచేయదు. మంచం ఉంటే మరీ మంచిది, దుప్పటి నేలకు జీరాడకుండా చూసుకోవాలి. ఆ పేటలో ఆ ఏడాది క్రిస్మసుకు మేము బట్టలు పంచలేదు, దోమతెరలు పంచాము. కొందరు వాటిని కోళ్లగూటికి కట్టారు, కొందరు చేపలు పట్టడానికి వాడారు. కోపం వచ్చింది గాని ఏం చేస్తాము, మరుసటి ఏడు మళ్లీ పంచాము.

2016 సెప్టెంబరులో అదే పేటలో, వంటింట్లో నేలమీద పడుకున్న ఒక పెద్దావిడ తెల్లవారుజామున వాంతి చేసుకుంది. కోడలు దీపం వేసి చూస్తే, ఆవిడ తల వెనక్కి వంచి, రెప్పల సందులోంచి చూస్తోందట. స్త్రీల కూటంలో మేము ఏటా ఈ సంగతి చెబుతుంటాము, ఆ అమ్మాయి విన్నది. "అత్తయ్యా, పైకి చూడండి" అన్నది. చూడలేకపోయింది. ఇంకెవరినీ అడగలేదు. మొగుణ్ణి లేపి, ఇద్దరూ ఆవిడను మోటారు సైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని బయలుదేరారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు మొదలుపెట్టి, 108లో పెద్దాసుపత్రికి పంపారు. అక్కడికి చేరేసరికి ఆవిడలో కదలిక లేదు. తొమ్మిది రోజులు యంత్రం మీద ఉంది.

ఇంటికి వచ్చాక చూడబోతే, నులక మంచం మీద దోమతెరలో కూర్చుని ఉంది. "అంతా వినపడతానే ఉందయ్యగారూ. కళ్లు తెరవలేను, వేలు కదపలేను. ఎవరో అయిపోయిందన్నారు, అదీ విన్నాను. మా కోడలు మాత్రం రోజూ చెవి దగ్గరకొచ్చి, అత్తయ్యా, ఇవాళ గేదె రెండు లీటర్లిచ్చింది, అత్తయ్యా, ఇవాళ తన్నింది అని చెప్పేది" అన్నది.